శక్తి వస్తువులో ఉందా, సంబంధంలో ఉందా?

ఒక వస్తువు చేసే పనికి కావలసిన సామర్థ్యం ఆ వస్తువులోనే ఉంటుందా, లేక ఇతర వస్తువులతో దానికి కుదిరే సంబంధం వల్ల కలుగుతుందా అన్నది బౌద్ధ దర్శనం లోతుగా విచారించిన ప్రశ్న. పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఫణిగిరిలో, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించినట్టు చెప్పే శాసనం బౌద్ధం తెలుగు నేలపై వేళ్లూనిందనడానికి సాక్ష్యం కాగా, కృష్ణా లోయలోని శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు తన మూలమధ్యమకకారికలో, దేనికీ స్వతస్సిద్ధమైన స్వభావం లేదనీ, కర్తా కర్మా పరస్పరాశ్రితాలనీ వాదించాడు.

బాక్టీరియాపై బతికే ఫై29 అనే వైరస్ ఈ విచారణకు పనికివచ్చే ఉదాహరణ. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను ఖర్చుచేస్తూ డీఎన్ఏను ప్రోటీన్ గుల్లలోకి కూరే దాని యంత్రానికి ఒక చిన్న ఆర్ఎన్ఏ కూడా తప్పనిసరి అని 1987లో పెయిషువాన్ గువో, డ్వైట్ ఆండర్సన్ తదితరులు వెల్లడించారు. ఏ ప్రోటీన్ తయారీకీ సమాచారం మోయని ఈ ఆర్ఎన్ఏ తన మడతల ఆకృతి ఆధారంగా పనిచేస్తుంది. ఒక ఆర్ఎన్ఏ ప్రతి మడతల్లోని కుడి ఉచ్చు (లూప్) పక్కనున్న ప్రతిలోని ఎడమ ఉచ్చుతో జతకట్టగా వలయం ఏర్పడుతుంది. వలయంలోని ప్రతులు ఐదా ఆరా అన్న వివాదం చాలాకాలం నడిచినా, ఈ జతకట్టడం మాత్రం 1998 నాటి ప్రయోగాల్లో స్పష్టమైంది: తమలో తాము జతకట్టలేకుండా ఉచ్చులు మార్చిన రెండు రకాల ఆర్ఎన్ఏలు విడివిడిగా నిష్ఫలం కాగా, ఒకదాని ఉచ్చు మరొకదానికి సరిపోయేలా మార్చి రెండింటినీ కలిపినప్పుడు యంత్రం పనిచేసింది.

అయితే సామర్థ్యమంతా సంబంధంలోనే ఉందని తేల్చడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే ఉచ్చుల్లోని ఆర్ఎన్ఏ అక్షరక్రమం తగినట్టు లేకపోతే ఆ సంబంధమే కుదరదు. అటు వస్తువునూ ఇటు సంబంధాన్నీ స్వతంత్ర తత్త్వంగా నిలపడానికి నాగార్జునుని తర్కం ఒప్పుకోదు. దేనికీ స్వతస్సిద్ధమైన స్వభావం లేదనే శూన్యతను కూడా ఒక సిద్ధాంతంగా పట్టుకోరాదన్న ఆయన హెచ్చరిక ఇక్కడ గమనార్హం.

ఇంతమాత్రాన విజ్ఞానశాస్త్రం బౌద్ధాన్ని రుజువు చేసిందనడం సరికాదు. ప్రయోగశాల ప్రశ్న యంత్రం ఎలా నడుస్తుందన్నది, ఆచార్యుని ప్రశ్న ‘నేను, నాది’ అన్న పట్టు ఎలా వదులుతుందన్నది. మొదటిదానికి దొరికిన జవాబు రెండోదాన్ని ఆలోచించడానికి తోడ్పడుతుందే తప్ప, ఆ పట్టును వదిలించే సాధనకు బదులు కాజాలదు.