డార్మిటరీలో ఉన్న మా అబ్బాయికి



మీ అమ్మ ఫోన్ చేసింది. డబ్బు ఠంచనుగా పంపుతున్నావట గాని, వీడియో కాల్‌లో రెండు నిమిషాలు నవ్వి పెట్టేస్తున్నావట. సింగపూర్ షిప్‌యార్డ్‌లో పని కష్టమని మా వదినకు తెలుసు. ఆమె దిగులు దాని గురించి కాదు, 'వాడు నా దగ్గర ఏదో దాస్తున్నాడు' అని. ఆదివారం కూడా మంచం దిగడం లేదని మన ఊరి కుర్రాళ్లు నాతోనూ చెప్పారు.

అప్పు సంగతి నేనెరుగుదును. ఏజెంటుకు కట్టింది తీరేదాకా నలతగా ఉందని కూడా అనవు. ఒంట్లో బాగాలేదంటే ఇంటికి పంపేస్తారేమో, మనసు బాగాలేదంటే పిచ్చివాడంటారేమో అని భయం. ఆ భయం మింగి కూర్చోవడమే మగతనమని మన వైపు నేర్పుతారు. అది తప్పుడు పాఠం నాయనా. ఇల్లు నిలబెట్టాల్సినవాడు ముందు తను నిలబడాలి.

'ఎలాగూ వెళ్లిపోయేవాణ్ణి, ఈ దేశంతో నాకేం పని' అన్నావు పోయినసారి. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడు భార్యాబిడ్డల్ని తెచ్చుకోలేడు. ఎన్నేళ్లు పనిచేసినా దాని మీద పీఆర్ (శాశ్వత నివాసం) రాదు. నీ మాటలో నిజముంది. అయినా ఇక్కడ గడిచే ఏళ్లు నీ ఆయుష్షులోవే కదా. ఎవరితోనూ కలవకుండా వాటిని గడిపేసి, ఊరెళ్లాక బతుకుతానంటే నేనొప్పుకోను.

2020లో ఏం జరిగిందో నీకు తెలియాలి. అప్పుడు డార్మిటరీల్లో 3.23 లక్షల మంది వలస కార్మికులు ఉంటే, ఆ ఏడాది చివరికి దాదాపు సగం మందికి, అంటే 1.52 లక్షల మందికి కరోనా సోకిందని తేలింది. గదికి పది పన్నెండు మంది ఉన్నచోట వైరస్ ఆగుతుందా? ఊళ్లో జనం మళ్లీ బజార్లలో తిరుగుతున్నా వీళ్ల మీద ఆంక్షలు చాలాకాలం పోలేదు. జ్వరం తగ్గినవాళ్లకు కూడా మనసు కుదుటపడలేదు. నాలుగ్గోడల మధ్య ఉంచిన మనిషి ఊరితో కలవలేడని అప్పుడు పెద్దలకు అర్థమైంది. 2020 నవంబరులోనే కార్మికుల మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం 'ప్రాజెక్ట్ డాన్' మొదలుపెట్టింది. అంత కష్టం మీద పడ్డాక గాని రాకపోవడం నాకు బాధే. వచ్చిందాన్ని వాడుకోకపోవడం ఇంకా బాధ.

బాధ దాచుకోని ఒకతని సంగతి చెబుతాను. బంగ్లాదేశ్ నుంచి 2008లో ఇక్కడికి కూలికి వచ్చిన ఎండీ షరీఫ్ ఉద్దీన్ రాత్రిళ్లు డైరీ రాసుకునేవాడు. ఇంటి మీద బెంగ, అవమానం, అలసట, అన్నీ. అది 'స్ట్రేంజర్ టు మైసెల్ఫ్' అనే పుస్తకమై 2018లో సింగపూర్ బుక్ అవార్డు తెచ్చుకుంది. తాముండే భవనాలు కట్టినవాడి మనసు ఎలా ఉందో ఇక్కడివాళ్లు ఆ పుస్తకంలో చదివారు. వాళ్ల భాషలో బడాయి మాటలు నేర్చుకుని అతను వాళ్లకు దగ్గర కాలేదు. ఉన్న బాధ ఉన్నట్టు చెప్పుకుని దగ్గరయ్యాడు. నువ్వు పుస్తకం రాయనక్కర్లేదు, ఒక్క మనిషికి చెప్పు చాలు.

చెప్పుకోవడానికి చోట్లున్నాయి. హెల్త్‌సర్వ్ వాళ్లు 2006 నుంచి వలస కార్మికులకు వైద్యం చేస్తున్నారు, కౌన్సెలింగూ ఇస్తారు. బతకాలని లేదనిపించే రాత్రి వస్తే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 1767కు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా ఎత్తుతారు. పోలీసు కేసవుతుందని ఎవరన్నా బెదిరిస్తే నమ్మకు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే సెక్షన్ 2020 జనవరి నుంచి ఇక్కడ లేదు. తెలుగు దొరక్కపోతే యార్డులో నేర్చిన తమిళంలోనే చెప్పు. ఏడుపు ఏ భాషలోనైనా తెలుస్తుంది.

మావైపు తప్పు కూడా ఉంది. 1975 నుంచి ఇక్కడ తెలుగు సమాజం ఉంది, ఉగాదులు చేసుకుంటాం. అయినా ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వచ్చినవాళ్లం, పర్మిట్ మీద వచ్చినవాళ్లను ఇంటికి భోజనానికి పిలవడం అరుదు. సొంత భాష వాళ్లమే ఇంత దూరం పెడితే, చైనీయుడు, మలయ్‌వాడు కలుపుకోలేదని ఏ ముఖం పెట్టుకుని అంటాం?

ఈ ఆదివారం పదింటికి సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు రా. టువాస్ లింక్‌లో రైలెక్కి ఊట్రమ్ పార్క్‌లో మారితే ఫారర్ పార్క్‌లో దిగొచ్చు. నీ పై బెర్తులో పడుకునే బంగ్లా కుర్రాణ్ణి కూడా తీసుకురా, మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంట్లోనే తినండి. పిన్ని గోంగూర పచ్చడి చేస్తానంది. బయల్దేరే ముందు మీ అమ్మకు ఫోన్ చేసి, ఈసారి నవ్వకుండా మాట్లాడు.

ఇట్లు,
మీ బాబాయి