ఎత్తు నుంచి చూసే చూపు



వరంగల్లు నుంచి ములుగు దాటి ఏటూరునాగారం వైపు పోయే రోడ్డు మీద చల్వాయి అనే ఊరు తగులుతుంది. అక్కడ పెద్ద రోడ్డు వదిలి పక్కదారి పట్టి అడవిలోకి పోతే లక్నవరం చెరువు వస్తుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. సెలవులలో మన విచారణల నుంచి యువజనులు, జ్ఞానోపదేశం పిల్లలు, కుటుంబాలకు కుటుంబాలు పులిహోర డబ్బాలు కట్టుకుని పోయే చోట్లలో అదొకటి. చుట్టూ అడవి, అడవి నిండా గుట్టలు. ఈ గుట్టలు ఎవరినీ భయపెట్టవు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ కూడా మనుమరాలి భుజం పట్టుకుని, దారిలో రెండుసార్లు కూలబడి, మెల్లగా ఏదో ఒక మెరక చేరుకోగలదు. చేరుకున్నాక వెనక్కి తిరిగి చూస్తే కింద నీళ్లు, నీళ్లలో చిన్న చిన్న దీవులు, మలుపులు తిరిగే ఒడ్డు, ఒడ్డు దాకా దిగివచ్చిన చెట్లు. అంతసేపూ మాట్లాడుతున్నవారు కూడా కాసేపు మాట మానేస్తారు.

ఆ మౌనం గురించే ఈ వారం ఆలోచిద్దాం. ఎత్తు నుంచి చూసినప్పుడు మనకు కలిగే సంతోషం ఎటువంటిది? అది ఎవరికీ ఏమీ బాకీ లేని సంతోషమేనా? లేక దానికి కూడా ఎక్కడో లెక్క అప్పజెప్పవలసి ఉంటుందా? గుట్ట ఎక్కి చెరువు చూడటంలో న్యాయాన్యాయాల ప్రసక్తి ఎక్కడిదని మీరు నవ్వవచ్చు. నవ్వండి. నవ్వుతూనే నాలుగడుగులు నాతో రండి.

మొదట ఆ చెరువు సంగతి. చూడగానే సృష్టి ఆరంభం నుంచీ అది అలాగే ఉన్నదనిపిస్తుంది. నిజానికి అది కాకతీయుల కాలంలో మనుషులు కట్టిన చెరువు. కొండల మధ్య నుంచి నీరు బయటికి పోయే ఇరుకు సందులు మూడు ఉండేవి. ఆ మూడింటికీ అడ్డంగా చిన్న కట్టలు పోశారు. మిగతా గోడ అంతా కొండలే. చదును నేల మీద అంత నీరు నిలపాలంటే ఎంత పొడవు కట్ట పోయాలో ఊహించుకోండి. ఇక్కడ కొండలు చేయగల పనిని కొండలకే వదిలి, అవి వదిలేసిన చోట మాత్రం మనిషి తట్ట ఎత్తాడు. ఇంతకంటె వినయంగల ఇంజనీరింగును నేనెరుగను. నర్సంపేట దగ్గరి పాకాల చెరువు, పాలంపేటలోని రామప్ప చెరువు కూడా ఇదే తీరున కొండల ఒడిలో నిలిపిన నీళ్లే. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పక్కనున్న చెరువు ఏ గుర్తింపూ అడగకుండా పొలాలకు నీళ్లిస్తూనే ఉంది.

ఈ సంగతి చెప్పగానే కొందరి ముఖం చిన్నబోతుంది. "అయితే ఇది మనుషులు చేసిందేనా!" అంటారు. దేవుడు చేశాడనుకున్నప్పుడు కలిగిన అబ్బురం, మనిషి చేశాడని తెలియగానే సగం దిగిపోతుంది. నాకిది వింతగా తోస్తుంది. మనిషి చేసినదైతే అబ్బురం తగ్గదు సరిగదా, దానితోపాటు ఒక బాకీ కూడా వచ్చి చేరుతుంది.

ఆ మూడు సందులు మొదట ఎవరికో కనిపించి ఉండాలి గదా! అడవిలో కింద నడిచేవానికి చెట్లే తప్ప కొండల పొందిక కనిపించదు. ఎవరో గుట్టలెక్కి ఉండాలి, ఒకటి దిగి ఇంకొకటి ఎక్కి ఉండాలి. వానాకాలంలో వరద ఏ సందున ఎంత వడిగా పోతున్నదో నిలబడి చూసి ఉండాలి. అంటే మనం సెల్‌ఫోను పట్టుకుని నిలబడే మెరక వంటి మెరక మీదనే ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇంకొకడు నిలబడ్డాడు. ఆయన కన్నులకు అందం తెలియదని నేననను. కాని ఆయన చూసినది అప్పటికింకా లేని నీళ్లను, అప్పటికింకా పండని వరిని. ఆయన చూపులో పని ఉంది. మన చూపులో ఏముంది?

ఆ కాలంవారు చెరువును సంతానంలో లెక్కించారు. కొడుకు, చెరువు, గుడి, తోట, కావ్యం, నిధి, అగ్రహారం, ఈ ఏడింటినీ సప్త సంతానాలన్నారు. కొడుకుతో సమానంగా చెరువును కూర్చోబెట్టారన్నమాట. (కొందరు కొడుకులను చూస్తుంటే చెరువే నయమనిపిస్తుంది, ఆ మాట అలా ఉంచండి.) సంతానమంటే మనం పోయిన తరువాత మన పేరున మిగిలేది. అయితే తట్టలు మోసినవారి పేర్లు ఏ శాసనంలోనూ మిగలలేదు. కట్టించినవారి పేర్లే ఉన్నాయి.

పేరు లేని మనుషుల మాట వచ్చింది గనుక దూరదేశపు కథ ఒకటి చెబుతాను. 1336లో పెట్రార్కు అనే ఇటలీ కవి ఫ్రాన్సులోని వాంతూ అనే పర్వతాన్ని ఎక్కాడు. వేరే పనేమీ లేదని, ఆ ఎత్తును చూడాలన్న కోరికతోనే ఎక్కానని తానే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. శిఖరం మీద నిలబడి, వెంట తెచ్చుకున్న పునీత అగస్తీను గ్రంథం తెరిచాడు. మనుషులు పర్వతాలను చూసి ఆశ్చర్యపడుతూ తమను తాము మరచిపోతున్నారన్న భావం గల చోటు కంటబడింది. పెట్రార్కు తన మీద తానే కోపగించుకుని, కిందికి దిగేదాకా నోరు విప్పలేదట. ఈ కథ చెప్పేవారందరూ ఇక్కడ ఆగుతారు. నాకు మాత్రం అదే ఉత్తరంలో అంతకుముందు వచ్చే ఒక మనిషి మీదికి మనసు పోతుంది. ఎక్కేటప్పుడు దారిలో ఒక ముసలి గొర్రెల కాపరి ఎదురయ్యాడు. యాభై ఏళ్ల కిందట తానూ ఎక్కానని, ఒళ్లు గీరుకుని బట్టలు చింపుకోవడం తప్ప మిగిలిందేమీ లేదని, వద్దని బతిమాలాడు. ఆ ఉత్తరంలో ఆయనకు పేరు లేదు. పెట్రార్కు చూపు కొండ నుంచి తన లోపలికి మళ్లింది, మంచిదే. కాని ఆ రెంటికీ నడుమ ఉన్న కాపరి మీద అది నిలవలేదు. అగస్తీను వారి మాట అతనికి సగమే అందిందని నా అభిప్రాయం.

ఎత్తుకు ఒక గుణముంది, అది మనుషులను చిన్నవారిని చేస్తుంది. పైనుంచి చూస్తే ఆయకట్టు ఒక పచ్చని గుడ్డ. అందులో నాటు వేసే తల్లి వంగిన నడుము కనబడదు. 2023 జూలై నెలాఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వాన తరువాత నిండుకుండలా ఉన్న చెరువును గుట్ట మీద నుంచి ఫొటో తీస్తే ఎంత చక్కగా వస్తుంది! ఆ రోజులలోనే జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయి గ్రామం మీద పడింది. ప్రాణాలు పోయాయి. ఒకే వాన. గుట్ట మీద దృశ్యం, గుట్ట కింద శోకం.

సువిశేషంలో ఎత్తు నుంచి చూసే చూపులు రెండున్నాయి. ఒకటి సాతాను చూపించినది. ఎత్తైన పర్వతం మీద నుంచి లోకరాజ్యాలన్నీ చూపి, నీవే తీసుకొమ్మని ఆశపెట్టాడు. రెండవది ఒలీవ కొండ మీద నుంచి దిగుతూ యేసుప్రభువు చూసినది. నగరం కంటబడగానే ఆయన కన్నీరు పెట్టాడు. ఎంతో దూరం నుంచి చూస్తున్నా ఆ చూపులో మనుషులు చిన్నవారు కాలేదు.

ఇక అసలు చిక్కు. పడవ తిరగాలంటే చెరువు నిండుగా ఉండాలి. వరి పండాలంటే చెరువు ఖాళీ కావాలి. వేసవిలో పోయినవారు ఒడ్డున బురద చూసి "ఏముంది ఇక్కడ, డబ్బులు దండగ" అని తిరిగివస్తారు. ఆ నీళ్లు ఎక్కడికి పోయాయని అడిగేవారు తక్కువ. తూము గుండా పోయి యాసంగి వడ్లయ్యాయి. బహుశా తిరుగు ప్రయాణంలో తిన్న అన్నం కూడా అటువంటి ఏ చెరువుదో కాబోలు. కంటికి ఆకలి ఉంటుంది, కాదనను. కాని కంటి ఆకలీ కడుపు ఆకలీ ఒకే చెరువు దగ్గరికి వచ్చి నిలబడితే, ఎవరికి ముందు వడ్డించాలో చెప్పడానికి తర్కశాస్త్రం అక్కరలేదు. ఆ చెరువు పుట్టిందే పొలం కోసం. చూసేవాడు తరువాత వచ్చిన అతిథి.

"అయ్యా, ఏడాదికి ఒక్కరోజు పిల్లలను తీసుకుని పోతాం, దానికి కూడా ఇంత విచారణ చేయాలా?" అని ఒక ఇల్లాలు అడిగితే నేనేం చెప్పాలి? అమ్మా, ఏమీ చేయవద్దు. నెలనెలా కొంత దాచి, ఆటో మాట్లాడుకుని, పిల్లలకు నీళ్లూ అడవీ చూపించే తల్లిదండ్రుల సంతోషానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. నా మాట వేరేవారిని ఉద్దేశించినది. కట్ట మీద సీసాలు పగలగొట్టి పోయేవారున్నారు. ఆ గాజుపెంకు మీద మొదట పడేది గేదెల వెనుక వచ్చే పిల్లవాని కాలే. పాటల పెట్టెలు మోగించి అడవి చెవులు చిల్లులు పొడిచేవారున్నారు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవులలో కోయ కుటుంబాల గుడిసెల ముందు బండి ఆపి, ఒక్క మాటైనా అడగకుండా వాళ్లను ఫొటో తీసుకుని పోయేవారున్నారు. వారు చెట్టునూ చెరువునూ మనిషినీ ఒకే దృశ్యంలో కలిపేశారు. చుట్టమై వచ్చినవాడు ఇంటివారిని పలకరించకుండా గోడ మీది పటాలు చూసి పోతాడా?

పెద్ద పర్వతాలెక్కినవారికి జయించామన్న గర్వం ఉంటుంది. ఈ గుట్టల దగ్గర ఆ గొడవ లేదు. ఎక్కినందుకు ఎవరూ దండ వేయరు. పేరు కోసం పోని చోటికి పోయినప్పుడు, చూడవలసినది చూడటానికి మనిషికి కొంత తీరిక దొరుకుతుంది.

ఈసారి పోయినప్పుడు కడుపునిండా చూడండి. పిల్లలను పరుగెత్తనివ్వండి. తరువాత, తిరుగు ప్రయాణానికి ఒక గంట ముందు, కట్ట దిగి అవతలివైపు పొండి. అటు ఫొటోలు తీసేవారుండరు. తూము నుంచి కాలువ పారుతుంటే పిల్లలను అందులో చేతులు పెట్టనివ్వండి. పారతో మడవ తిప్పుకునే రైతు ఎవరైనా కనబడితే, ఈ ఏడు ఏ ఊరి దాకా నీళ్లందుతాయని అడగండి. పనిచేసుకుంటూనే చెబుతాడు. మీరు తొందరపడకుండా నిలబడితే, పూడిక ఎక్కడ చేరిందో, కిందటి వరదకు గండి ఎక్కడ పడిందో, ఏ మడికి ఎన్ని రోజులకు తడి వస్తుందో అదీ చెబుతాడు. వెళ్లేముందు ఆయన పేరు అడగండి.