గ్రహణగణితము – గ్రహణభయము

ప్రకృతి యొక నియమమునకు లోఁబడి నడచుచున్నదను జ్ఞానము మానవునకు మొట్టమొదట ఆకాశమును జూచుటవలననే కలిగెను. వాన యెప్పుడు కురియునో, మశూచి యెప్పుడు పుట్టునో చెప్పనేరని కాలముననే గ్రహణము పట్టు దినమును ముందుగాఁ జెప్పఁగలిగిరి. బాబిలోనియా దేశీయులు మట్టిపలకలపైఁ దరతరములుగా వ్రాసియుంచిన లెక్కలనుబట్టి, సుమారు 18 సంవత్సరముల 11 దినముల కొకమాఱు గ్రహణముల వరుస మరల వచ్చుచుండుటను గనిపెట్టిరి. లెక్కప్రకారము వచ్చుదానిని దైవకోపమని యెట్లనవచ్చును? ఈ ప్రశ్న పుట్టిననాఁడే ప్రకృతిశాస్త్రము పుట్టినదని మేము తలంచెదము.

మన దేశమున క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుఁడు ఈ సంగతిని స్పష్టముగాఁ జెప్పెను. సూర్యుని గప్పునది చంద్రుఁడు. చంద్రుని గప్పునది భూమి నీడ. అయినను 628వ సంవత్సరమున బ్రహ్మగుప్తుఁడు, తాను స్వయముగా నీడను గొలిచియే గ్రహణమును సాధించుచు, రాహువు కారణము కాదనువారు వేదస్మృతులకు విరోధులని యాక్షేపించెను. సుమారు 1030లో మన శాస్త్రములను జదివిన అల్‌బిరూనీ దీనికి నొచ్చుకొని, ఇది మనస్సాక్షికి విరుద్ధమైన మాట యనియు, సోక్రటీసునకుఁ బట్టిన గతివంటిదానికి వెఱచి యిట్లు వ్రాసెనేమో యనియుఁ దలపోసెను.

పండితుఁడు గణితమున నొకటియు, జనులతో మఱియొకటియుఁ జెప్పవచ్చునా? ప్రాణభయము గలవానిని మేము నిందింపము. మన పంచాంగకర్తల కట్టి భయమేమి గలదు? స్పర్శ, మధ్య, మోక్షకాలములను నిమిషములతో సహా గణించి, ఆ ప్రక్కనే యే రాశివారికిఁ గీడో, వారేమి దానమీయవలెనో వ్రాయుచున్నారు. దానిని జూచి గృహములలో నేమి జరుగుచున్నది? నిండుచూలాలిని చీఁకటిగదిలోఁ గదలక మెదలక పరుండఁబెట్టుదురు, దాహమైనను నీరీయరు, బిడ్డకు గ్రహణపుమొఱ్ఱి కలిగినచో, గదలినదని తల్లినే జీవితాంతము దూఱుదురు. ఊరగాయజాడీకి దర్భపుల్ల చాలును. గర్భిణికి మాత్రము చాలదు! సూర్యగ్రహణమును వట్టికన్నులతోఁ జూడరాదను నిషేధమొక్కటి యుక్తమైనది. అందులకుఁ గారణము కన్నును గాల్చు సూర్యకాంతియే.

భయపడక చూచినవారి కేమి లభించెనో మన గుంటూరు చరిత్రము చెప్పును. నక్షత్రములు ఏ పదార్థములతో నిండియున్నవో మానవుఁడు ఎన్నటికిని దెలిసికొనఁజాలఁడని 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త కోంత్ వ్రాసెను. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణసూర్యగ్రహణమును జూచుటకై జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు గుంటూరునకు వచ్చెను. సూర్యబింబపు టంచున లేచు జ్వాలలను వర్ణపటదర్శినితోఁ బరీక్షించి, యవి ప్రజ్వలించు వాయువులని తెలిసికొనెను. మఱునాఁడు గ్రహణము లేకయే వానిని మరల జూచెను. ఆ యేఁటి పరిశీలనములలోఁ గనఁబడిన యొక పసుపురేఖ భూమిపై నెఱిఁగిన యే మూలకమునకును జెందలేదు. దానికిఁ గారణమైన వాయువునకు హీలియమని పేరిడిరి. 1895లో రామ్సే దానిని భూమిమీఁది యొక ఖనిజమునుండియే వెలికిఁ దీసెను.

1980 ఫిబ్రవరి 16వ తేదీని మరల సంపూర్ణగ్రహణము తెలుఁగునేలమీఁదుగాఁ బోయెను. జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దూరదర్శినులను సవరించుకొని నిలిచియుండఁగా, ననేక పట్టణములలో జనులు తలుపులు మూసికొనఁగా వీథులు నిర్మానుష్యములై యుండెను. ఆ తలుపుల వెనుక నెందఱు గర్భిణులు గుక్కెఁడు నీటికై విడుపుస్నానముల వేళకు ఎదురుచూచుచుండిరో!