పగ్గము పట్టిన చేయి

రౌతు మెత్తనైనచో గుఱ్ఱము మూడుకాళ్ళ నడచునని మన సామెత. దీనిని నమ్మి, ఇంద్రియనిగ్రహమనగా బిగించి లాగుటయేయని తలంచువారు పెక్కుమంది. నడివయస్సున గుఱ్ఱపుస్వారి నేర్వబూనినవానిని చూడుడు. బాలునికి లేని భయము వానికి కలదు. పడినచో ఎముక విఱుగునని వాడెఱుగును. కావున మోకాళ్ళు బిగించి, పగ్గములనే ఊతగా పట్టి వ్రేలాడును. కళ్ళెపు ఇనుము గుఱ్ఱము నాలుకపై, చిగుళ్ళపై ఒత్తును. అది బాధతో తల ఎగురవేయును. వాడు మఱింత లాగును. తప్పు గుఱ్ఱముదేయని వాని నమ్మకము!

16వ శతాబ్దము నుండి వియన్నా నగరమున నడచుచున్న స్పానిష్ రైడింగ్ స్కూలులో క్రొత్త శిష్యునికి మొదట పగ్గములుగాని రికాబులుగాని ఈయరు. గురువు పొడవైన త్రాటితో గుఱ్ఱమును వలయముగా త్రిప్పుచుండగా, శిష్యుడు దానిపై నిలుకడగా కూర్చుండుటను మాత్రమే నెలల తరబడి అభ్యసించును. పగ్గము చేతికి వచ్చుట ఆ పిదపనే.

కఠోపనిషత్తు ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గముగను, బుద్ధిని సారథిగను చెప్పినది. అచట రథము, ఇచట స్వారి. అయినను పగ్గము పని ఒక్కటియే. నడివయస్సున సాధనకు పూనుకొని, ఒక్కుమ్మడిగా ఉపవాసములతో, జాగరణములతో దేహమును వేధించువాడు పగ్గమును దేనికి పట్టినాడు? గుఱ్ఱమును నడపుటకా, తాను పడకుండుటకా? అట్టివానితో గురువు నియమములను విడువుమనడు. కొంతకాలము త్రాడు నా చేతనుండనిమ్ము, నీవు కూర్చుండుట నేర్చుకొనుమనును.