వారసత్వం అంటే ఏమిటి?

సనత్‌నగర్ నుంచి పంజాగుట్ట దాటి రాజ్‌భవన్ రోడ్డుకి వెళితే బెల్లా విస్టా భవనం ఉంది. ఇప్పుడు అది అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ. ఒకప్పుడు ఏడవ నిజాం పెద్ద కొడుకు ఆజం జా నివాసం.

1907లో పుట్టిన ఆజం జా కాబోయే నిజాంగానే పెరిగారు. 1948లో రాజ్యం పోయింది, బిరుదు మిగిలింది. 1954లో తండ్రి ఆయన్ని పక్కనపెట్టి, మనవడు ముకరం జాని వారసుడిగా ప్రకటించారు. 1967లో నిజాం చనిపోయాక, తండ్రి బతికుండగానే బిరుదు కొడుక్కి వెళ్లింది. 1970లో ఆజం జా కన్నుమూశారు. మరుసటి ఏడాదే రాజ్యాంగ సవరణతో బిరుదుల గుర్తింపు, రాజభరణాలు రద్దయ్యాయి. చేజారినదీ, చేతికందినదీ రెండూ అనిత్యమే.

మన ఇళ్ల సంగతేమిటి? "నాన్న ఇల్లంతా తమ్ముడికే రాసిచ్చాడు" అని ఏళ్ల తరబడి రగిలిపోయేవాళ్లు మనలో లేరా? న్యాయంగా రావలసిన వాటా అడగండి, ధమ్మం వద్దనదు. కానీ అది దక్కేదాకా నా బతుక్కి విలువ లేదనుకోవడం తృష్ణ.

కపిలవస్తులో చిన్నారి రాహులుడు తండ్రి వెంటపడి, నా వారసత్వం ఇవ్వమని అడిగాడు. బుద్ధుడు రాజ్యం ఇవ్వలేదు. సారిపుత్తుడి చేత ప్రవ్రజ్య ఇప్పించాడు. మనం చేసిన కర్మకే మనం వారసులమని ఆయన బోధ.

తమ్ముడితో మాట్లాడి ఎన్నాళ్లయింది? దస్తావేజులో మీ పేరు లేకపోవచ్చు. ఆ ఒక్క పలకరింపు మాత్రం మీ చేతిలోనే ఉంది.