సరంబీ వేసిన ఇండ్లు



హగ్గయి గ్రంథం మొదటి అధ్యాయంలో 'సరంబీ' అనే మాట ఉంది. సండే స్కూల్లో ఆ మాట వచ్చిన ప్రతిసారీ నేను అర్థం తెలియకుండానే దాటేసేవాణ్ణి. ఇంటికి లోపల చెక్క పలకలు వేయించుకోవడం అని చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. మన రోజుల్లో చెప్పుకోవాలంటే ఫాల్స్ సీలింగ్. నా మందిరం పాడుబడి ఉంటే మీరు సరంబీ ఇండ్లలో ఎలా కూర్చున్నారని దేవుడు ప్రవక్త ద్వారా అడుగుతున్నాడు.

పోయిన ఏడాది మా ఊళ్లో కట్టిస్తున్న ఇంటి ఫాల్స్ సీలింగ్ గురించి నేను మేస్త్రీతో మూడు వారాలు వాట్సాప్‌లో వాదించాను. లైట్లు ఎన్ని, డిజైన్ ఏది అని. ఆ మూడు వారాల్లో ఎన్నిసార్లు మోకరించానో అడగకండి.

మాది మెదక్ వైపు. మెదక్ చర్చి గురించి మీకు తెలుసు. 2024 క్రిస్మస్‌కు దానికి నూరేండ్లు నిండాయి. అయితే ఆ చర్చికంటే ముందు అక్కడ కట్టింది ఒక బంగ్లా. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1890ల చివర్లో మెదక్ వచ్చి, ఉండడానికి బంగ్లా కట్టుకున్నాడు. అప్పుడు విశ్వాసులు కూడుకొనే స్థలం ఒక చిన్న ఇల్లు. తన బంగ్లా ఎత్తుగా, ప్రార్థన ఇల్లు దానికంటే తక్కువ ఎత్తులో ఉండడం ఆయన మనస్సును పొడిచింది. ఆ బాధలోంచే చర్చి ఆలోచన పుట్టింది.

పని 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వెడల్పు 100 అడుగులు, పొడవు 200, గోపురం 175 అడుగులు. మా తాతల కాలంవాళ్లు మాత్రం ఈ కొలతలు చెప్పరు, కరువు సంగతి చెబుతారు. తిండి లేక ఊళ్లు వదిలి పోతున్న జనానికి అక్కడ రాళ్లు మోసే పని దొరికింది, పనికి కూడు దొరికింది. రంగుటద్దాల కిటికీలు ఎంత అందమైనవైనా, నాకు ఆ కట్టడంలో అందరికంటే ముందు కనబడేది ఆ తట్టలు మోసినవాళ్లే.

ఇక్కడ మనం తొందరపడి, అయితే పెద్ద చర్చి కడదాం అనుకుంటాం. దావీదు కూడా అలాగే అనుకున్నాడు. నేను దేవదారు ఇంట్లో, మందసం డేరాలోనా అని బాధపడ్డాడు (2 సమూయేలు 7). నాతాను వెంటనే సరే అన్నాడు. ఆ రాత్రే దేవుడు నాతానును వెనక్కి పంపాడు. నేను నిన్ను ఇల్లు అడిగానా, నేనే నీకు ఇల్లు కడతాను అన్నాడు. దావీదు బాధ తప్పు కాదు. కట్టడం అనేది ఆ బాధకు ఒక్కటే జవాబు కాదు, అంతే.

మనం ఉన్న ఈ చోటు చూడండి. నేనుండేది ముబారక్ అల్ కబీర్ గవర్నరేట్‌లో, సబాహ్ అల్ సాలెంలో. ఏ షేక్ ముబారక్ పేరు దీనికి పెట్టారో, ఆయన పాలనలోనే అమెరికన్ మిషన్ డాక్టర్లకు కువైట్ తలుపు తెరుచుకుంది. 1912లో డాక్టర్ ఎలినోర్ కాల్వర్లీ వచ్చి ఇక్కడి స్త్రీలకు వైద్యం చేశారు. 1914లో, అంటే మెదక్‌లో పని మొదలైన ఏడాదే, సముద్రం ఒడ్డున మిషన్ ఆసుపత్రి లేచింది. అది 1967లో మూతపడింది. ఆ పాత కట్టడాన్ని ఈ దేశం కూల్చకుండా బాగుచేయించి, అమ్రికానీ పేరుతో సాంస్కృతిక కేంద్రంగా నిలబెట్టుకుంది. శుక్రవారం సిటీకి ఆరాధనకు వెళ్లేటప్పుడు గల్ఫ్ రోడ్డు మీద చూస్తుంటారు కదా. పరాయి దేశస్థులు రోగుల కోసం తెరిచిన ఇల్లు అది.

బైబిల్లో దైవసేవకుడికి కట్టిన ఇల్లు ఒకటుంది. షూనేములో ఒక స్త్రీ ఎలీషా కోసం మేడమీద చిన్న గది కట్టించింది (2 రాజులు 4). అందులో పెట్టినవి నాలుగే: మంచం, బల్ల, పీట, దీపస్తంభం. సరంబీ ఊసు లేదు. దారిన పోయే మనిషి ఆగడానికి అవి చాలు.

మా ప్రార్థన గుంపులో ఒక అక్క ఉంది, రాయచోటి వైపు ఆమె. దగ్గర్లోనే ఒక ఇంట్లో పని. నెలకు రెండు శుక్రవారాలు సెలవు. ఆరాధన అయ్యాక యజమాని డ్రైవరు రావడానికి మూడు గంటలు పడుతుంది. "తమ్ముడూ, అంతదాకా మీ ఇంట్లో కూర్చోవచ్చా?" అని జూలైలో అడిగింది. మా ఫ్లాట్‌లో రెండో గది ఉంది, నేను ఇంటినుంచి పనిచేసే గది, రెండు మానిటర్లతో. "శుక్రవారం నాకు సపోర్ట్ డ్యూటీ ఉంటుందక్కా" అన్నాను. నిజానికి ఆ నెల నాకు డ్యూటీ లేదు. ఆమె "పర్వాలేదులే నాయనా" అని బకాలా ముందు నీడలో కూర్చుంది. బయట 48 డిగ్రీలు.

మేస్త్రీతో మాట్లాడింది కూడా ఆ నెలలోనే. హగ్గయి నాకు అప్పుడు అర్థమయ్యాడు, సరంబీతో సహా.

నా భార్యకు చెప్పి ఒప్పుకున్నాను. ఆమె నన్ను ఏమీ అనలేదు, లేచి ఆ గదిలోంచి మానిటర్లు హాల్లోకి మార్చమంది. మడత మంచం ఒకటి కొన్నాం. బల్ల ఉంది, కుర్చీ ఉంది, దీపం మాత్రం ఐకియాది. తర్వాతి సెలవు శుక్రవారం ఆ అక్క వచ్చి, ఏసీ కింద పడుకొని, డ్రైవరు ఫోన్ చేసేదాకా లేవలేదు. ఇప్పుడు ఇంకో ఇద్దరిని వెంట తెస్తోంది.