బిడ్డ కన్నీరు - తల్లిదండ్రుల ఆచారము



వీరశైవ గృహమున శిశువు జన్మించిన కొలది దినములకే గురువును పిలిపించి లింగధారణ చేయించుట పెద్దలు పాటించుచు వచ్చిన ఆచారము. ఇంకను మెడ నిలుపలేని పసికందునకు ఇష్టలింగమును అనుగ్రహించి, ఆ దేహము శివుని నివాసమని గురువు తెలియజేయును. దేహమే దేవాలయమని బసవేశ్వరుడు చేసిన బోధ ప్రతి గృహమున ఆ విధముగా ఆచరణలోనికి వచ్చుచున్నది.

గుడి గోడపై ఎవడైన రాయి విసరినచో ఊరంతయు లేచి అడుగును. నడయాడు గుడియైన బిడ్డను బడిలో నలుగురు చేరి దినదినము వెక్కిరించుచు, త్రోయుచు, ఏడిపించుచున్నప్పుడు మాత్రము, “పిల్లల గొడవ, పెద్దలు కలుగజేసికొనరాదు” అని ఊరకుందురు. ఇది తగునా అని ప్రతి గృహస్థుడును విచారింపవలసి యున్నది.

ఒక చిన్న పట్టణమున ఏడవ తరగతి చదువు బాలుడొకడు ఉండెను. ఉదయమే స్నానము చేసి, లింగపూజ ముగించి, నుదుట విభూతి ధరించి బడికి బయలుదేరును. వీధి మలుపు తిరుగగానే చేతిరుమాలుతో విభూతిని తుడిచివేయును. మెడలోని లింగకాయ కనబడకుండ ఎండకాలమున సైతము చొక్కా పైగుండీ విప్పడు. ప్రతి సోమవారము కడుపునొప్పి యనును. కొత్తగా కొన్న జామెట్రీ పెట్టె పోయినది. అన్నపు డబ్బా మూత తీయకయే ఇంటికి తిరిగి వచ్చుచుండెను. అన్నము వృథా చేయుచున్నాడని తల్లి కోపించెను. మార్కులు తగ్గినవని తండ్రి మందలించెను. ఒకనాడు లింగకాయ దారము తెగి యుండగా, “ఆటలో తెగినదమ్మా” అని చెప్పెను.

నిజము ఆ రాత్రి నాయనమ్మ ప్రక్కన పడుకొన్నప్పుడు బయటపడెను. నలుగురు పిల్లలు వానికి ‘బూడిదగాడు’ అని పేరు పెట్టి, మెడలోని దారము పట్టుకొని లాగుచు, అన్నపు డబ్బా దాచివేయుచు, మూడు నెలలుగా వానిని ఏడిపించుచున్నారు.

ఇంటిలో ముగ్గురు మూడు మాటలు చెప్పిరి. “మగపిల్లవాడివి, రేపు నీవును రెండు తగిలించి రా” అని తండ్రి. “బడికి పోవునప్పుడు విభూతి పెట్టుకొనకు నాయనా, ఇంటికి వచ్చిన తరువాత పెట్టుకొందువు” అని తల్లి. “ఓర్చుకో బాబూ, శివుడే చూచుకొనును” అని నాయనమ్మ. మూడును ప్రేమతో పలికిన మాటలే. కాని మొదటి మాట నలుగురితో ఒక్కడవే పోరాడుమన్నది. రెండవది నిన్ను నీవే దాచుకొనుమన్నది. మూడవది ఒంటరిగా భరింపుమన్నది. భారమంతయు మరల ఆ పసివాని తలమీదనే పడినది. పెద్దలలో ఒక్కరైనను “ఇది మా పని, నీది కాదు” అని అనలేదు.

అట్టి వేళ తల్లిదండ్రులు చేయవలసిన మొదటి పని బిడ్డ మాటను నమ్ముట. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించిన బసవపురాణమున గొడగూచి కథ యున్నది. తండ్రి ఊరికి పోవుచు, ప్రతిదినము శివునకు పాలు ఆరగింపు చేయుమని ఆ బాలికకు చెప్పెను. శివుడు త్రాగకున్నచో ఆమె ఏడ్చెను. ఆ ఏడుపు చూడలేక శివుడు పాలు త్రాగెను. తండ్రి తిరిగి వచ్చి అడుగగా బాలిక జరిగినది జరిగినట్లు చెప్పెను. అతడు నమ్మలేదు, నీవే త్రాగితివని కోపించెను. నిజము చెప్పిన బిడ్డకు కన్నతండ్రి వద్ద చోటు లేకపోగా, ఆమె లింగమునే శరణుజొచ్చి లింగైక్యమందెను. ఈ కథను ముగ్ధభక్తికి నిదర్శనముగా చెప్పుట పరిపాటి. తల్లిదండ్రులు దీనిని మరియొక విధముగను వినవలెను. బిడ్డ నిజము చెప్పినప్పుడు దేవుడు నమ్మెను, తండ్రి నమ్మలేదు. తరువాత ఎంత విచారించినను ఆ తండ్రికి బిడ్డ దక్కలేదు.

కావున బిడ్డ నోరు విప్పిన క్షణమున “నీవేమి చేసితివో, ఊరకే వారెందుకు అందురు?” అను ప్రశ్న వేయరాదు. పని ప్రక్కన పెట్టి, కూర్చుండి, మధ్యలో అడ్డుపడక వినవలెను. “నాతో చెప్పితివి, మంచి పని చేసితివి. తప్పు నీది కాదు” అను మాట తల్లిదండ్రుల నోట రావలెను.

రెండవ పని, బిడ్డ చెప్పని దానిని కనిపెట్టుట. అదే పురాణమున బెజ్జమహాదేవి, శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియై నలుగుపెట్టి, నీళ్లుపోసి, పాలుపట్టి పెంచెను. శివుడు వ్యాధి నభినయించి ఆహారము ముట్టనప్పుడు ఆమె తల్లడిల్లిపోయెను. మాటాడని లింగము ముఖమున సైతము ఆకలిని, బాధను చూడగలిగిన తల్లి ఆమె. మాటాడగల బిడ్డ అన్నము తినక డబ్బా తిరిగి తెచ్చినప్పుడు, అందులో వృథాయైన అన్నము కాక మరి ఏమి యున్నదో చూడవలెను. తరచు తలనొప్పి, కడుపునొప్పి యనుట, వస్తువులు పోవుట, ఒంటిమీద దెబ్బలకు పొంతన లేని కారణములు చెప్పుట, నిద్రలో ఉలికిపడుట, సెల్‌ఫోను మ్రోగగానే ముఖము మాడ్చుకొనుట, ఇవన్నియు బిడ్డ నోటితో చెప్పలేక శరీరముతో చెప్పు మాటలు.

మూడవది, అన్యాయము నెదుర్కొను రీతి. వీరశైవమునకు పంచాచారములు ప్రాణము. అందు భృత్యాచారము వినయమును నేర్పును. గణాచారము శివునకు, శివభక్తులకు జరుగు అవమానమును సహింపరాదని శాసించును. కొందరు భృత్యాచారమును మాత్రమే బిడ్డకు చెప్పి తల వంచుకొనుమందురు. మరికొందరు గణాచారమనగా కర్ర తీయుట యని భ్రమపడుదురు. రెండును అసంపూర్ణములే. కోపమును విడువుమనియు, పరులను ఈసడింపవలదనియు బోధించిన బసవేశ్వరుడు అన్యాయము ముందు మౌనము వహింపలేదు. అవమానమును సహింపకుండుటయు, అవమానించిన వానిని ద్వేషింపకుండుటయు రెండును కలసినదే శరణమార్గము. గణాచార భారము పెద్దలది. దానిని పన్నెండేండ్ల బిడ్డ భుజముల మీద మోపరాదు.

కనుక తండ్రి కోపముతో ఎదుటి బిడ్డ ఇంటిమీదికి పోరాదు. పరుల బిడ్డను తాను కొట్టరాదు, బెదిరింపరాదు. ఏ దినమున, ఏ చోట, ఎవరు, ఏమి చేసిరో బిడ్డ చెప్పినది చెప్పినట్లు కాగితముమీద వ్రాసికొనవలెను. సెల్‌ఫోనులో దూషణలు వచ్చి యున్నచో చెరిపివేయక భద్రపరచవలెను. తాము చేయబోవునది బిడ్డకు ముందుగా చెప్పవలెను. తనకు తెలియకుండ పెద్దలు బడికి పోయిరని తెలిసినచో, ఆ బిడ్డ మరల నోరు విప్పడు. తరువాత తరగతి ఉపాధ్యాయుని, అవసరమైనచో ప్రధానోపాధ్యాయుని శాంతముగా కలిసి, ఫిర్యాదును వ్రాతపూర్వకముగా ఇచ్చి, ఏమి చేయుదురో అడుగవలెను. వారము దినముల తరువాత మరల పోయి కనుగొనవలెను. విద్యాసంస్థలలో ర్యాగింగును నిషేధించుచు ఆంధ్రప్రదేశమున 1997లోనే చట్టము వచ్చినది. ఆపదలోనున్న బాలబాలికల కొరకు 1098 అను టెలిఫోను సంఖ్య గలదు. బిడ్డ చావు మాట ఎత్తినను, తనకు తాను హాని చేసికొన్నను, దినము గడువనీయక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. ఇవి దైవమునందు విశ్వాసము లేక చేయు పనులు కావు. బిడ్డను కాచుట తల్లిదండ్రుల కాయకము. కాయకమును శివునిమీద నెట్టివేయుమని ఏ శరణుడును చెప్పలేదు.

పై బాలుని తండ్రి ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారిన తరువాత కోపము చల్లార్చుకొని, కొడుకును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “నిన్న నేను చెప్పినది సరికాదు. మనమిద్దరము కలసి పోదము” అనెను. ఉపాధ్యాయుడు విచారించి, భోజనవేళ పిల్లల నడుమ తాను కూర్చుండసాగెను. నలుగురి పెద్దలను పిలిపించెను. అప్పుడొక సంగతి బయటపడినది. ఆ నలుగురిలో ఒకడు వీరశైవ గృహపు బిడ్డయే. వాని తండ్రి మొదట “మావాడు అట్టివాడు కాదు” అని వాదించెను. బాలుడు మాత్రము తల వంచుకొని, “నేను కలియకపోతే నన్నును అట్లే అందురు” అని ఏడ్చెను. వాడును తన లింగకాయను చొక్కా లోపల దాచుకొని, తనకు తగులునేమో అనుకొన్న రాయిని మరియొకనిమీద విసరుచుండెను.

ఈ సంగతి ప్రతి గృహమును తాకవలసినది. ఏడ్చు బిడ్డ తమదైనప్పుడు మేల్కొను తల్లిదండ్రులు, ఏడిపించు బిడ్డ తమదైనప్పుడును మేల్కొనవలెను. కులము పేరు ఎత్తి, పేదరికము చూచి, ఒంటి రంగు, నత్తి, అవిటితనము పట్టుకొని తోటివానిని వెక్కిరించు బాలుడు, ఎన్నిమార్లు లింగపూజ చేసినను బసవబోధ వినని వాడే. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున ప్రధానియై యుండియు బసవేశ్వరుడు మాదార చెన్నయ్యవంటి శరణుని తన ఇంటి పెద్దగా భావించెను. ఆ గురువు పేరు చెప్పుకొను ఇంట, భోజనవేళ పెద్దలు ఇరుగుపొరుగు కులములను ఎగతాళి చేసినచో, పిల్లలు దానినే మరునాడు బడికి మోసికొనిపోదురు.

మఠములకును ఇందు బాధ్యత గలదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వాములు (1907-2019) కులమతభేదము లేక వేలాది బాలురకు అన్నము, విద్య, ఆశ్రయము కల్పించిరి. ఆ మార్గమున నడుచు వసతిగృహములు, పెద్ద తరగతుల బాలురు చిన్నవారితో బట్టలు ఉతికించుట, రాత్రివేళ భయపెట్టుట వంటివి జరుగకుండ కనిపెట్టి యుండవలెను. అన్నదాసోహముతో బాటు అభయమును ఇచ్చినప్పుడే ఆ దాసోహము పూర్తియగును. దూరమునున్న చిన్నవాడు భయము లేక పోయి చెప్పుకొనదగిన పెద్ద ఒకరు ప్రతి వసతిగృహమున ఉండవలెను.

ఆ బాలుడు కొన్ని వారములు విభూతి లేకయే బడికి పోయెను. తల్లిదండ్రులు బలవంతము చేయలేదు. ఒక సోమవారము, కడుపునొప్పి మాట లేకయే లేచి, స్నానము చేసి, నుదుట విభూతి ధరించి పోయెను. సాయంకాలము విభూతితోనే తిరిగి వచ్చెను. డబ్బాలో అన్నము లేదు. తల్లి ఆ ఖాళీ డబ్బాను చేతబట్టుకొని కొంతసేపు అట్లే నిలుచుండి, పిమ్మట దేవుని గదిలో దీపము వెలిగించెను.

గురువు వచ్చి బిడ్డ మెడలో లింగమును కట్టి పోవును. ఆ మెడ భయముతో వంగకుండను, గర్వముతో బిగియకుండను కాపాడవలసిన వారు తల్లిదండ్రులు.